బ్లీచింగు నీళ్ళలో మామగారి వాచీ

ఆ మనిషి చేతులకి ఊరుకోవడం తెలియదు. బస్సెక్కితే ముందు సీటు వెనక వదులైన స్క్రూని గోటితో బిగిస్తూ కూర్చుంటాడు. ఎవరింటికైనా వెళితే ఊగే కుర్చీ కాలి కింద కాగితం మడిచి దోపితే గాని కుదురుగా కూర్చోడు. పని కళ్ళజోళ్ళ దుకాణంలో, వెనక గదిలో. ముందు గదిలో దీపాలు, పొడుగాటి అద్దాలు, నవ్వే అమ్మాయిలు. వెనక గదిలో సాన, నీళ్ళ తుంపర, గాజు పొడి, ఇతను. వచ్చిన అద్దాన్ని అంచులు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టాలి. కంటికి బిగించిన భూతద్దం తియ్యకుండానే టీ తాగడానికి బయటికి వచ్చేవాడు కాబట్టి దుకాణంలో అందరికీ భూతద్దం అయ్యాడు. ఆ పేరు మెల్లగా ఇంటిదాకా నడిచొచ్చింది.

రోజంతా పరాయివాళ్ళ చూపు సరిచేసి, తన చూపు మీద లేనిపోని నమ్మకం పెంచుకున్న మనుషులు ఉంటారు. భూతద్దం ఆ జాతి.

అతనికి ఒక పిచ్చి ఉంది. సముద్రంలో మునిగి పనిచేసేవాళ్ళ కోసం ఒకప్పుడు తయారైన వాచీలంటే ప్రాణం. దళసరి ఉక్కు, దళసరి అద్దం, అద్దం చుట్టూ తిరిగే నల్లటి కట్టు. ఆ కట్టుని బెజెల్ అంటారు. నీళ్ళలోకి దిగేముందు దాని మీది గుర్తుని నిమిషాల ముల్లు ఎదుటికి తిప్పుకుంటే, లోపల ఎంతసేపయిందో పైకి రాకుండానే తెలుస్తుంది. భూతద్దానికి ఈత రాదు. సముద్రాన్ని చూస్తే కళ్ళు తిరుగుతాయి. అయినా ఆ వాచీలే కావాలి. అసలువి అతని జీతానికి అందవు. అందనిదాన్ని చూసి ఊరుకునే గుణం అతనికి లేదు కాబట్టి నకళ్ళు తెప్పించేవాడు.

నకలు వచ్చినప్పుడు కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతూ ఉంటుంది. దాని మీద వయసు ఎక్కించడమే అతని సరదా. అంకెల మీద రాత్రి వెలిగే రేడియం పూతని గీకేసి, కొత్త పూతని టీ డికాషన్ రంగులో కలిపి పూసేవాడు. వాచీ పై ఉక్కు డబ్బాని మేకులతో పాటు సంచిలో వేసి ఊపేవాడు. బెజెల్‌ని బ్లీచింగు నీళ్ళలో నానబెట్టి, ఎండకి వెలిసినట్టు చేసేవాడు. అసలు వాచీలని బాగుచేసినవాళ్ళు వెనక మూత లోపల సూదితో చిన్నగా తేదీ, తమ గుర్తు గీసి పెడతారు. అది కూడా వదిలేవాడు కాదు. ఎక్కడా లేని రిపేరువాళ్ళని పుట్టించి, ఒకడికి ఎడమచేతి రాత, ఒకడికి వణుకు, ఒకడికి తొందర ఇచ్చి మూత లోపల గీసేవాడు. పుట్టించిన దేవుడికైనా అంత ఓపిక ఉండి ఉండదు.

అమ్మేవాడు కాదు. ఎవరడిగినా నకలు నకలనే చెప్పేవాడు. ఆ నిజాయితీ కూడా అతని పొగరులో ఒక భాగమే.

"ఇంట్లో గోడ గడియారం ఆగిపోయి ఏడాదయింది," అనేది భార్య. "దానికి కూడా పాతరికం వచ్చాక బాగుచేస్తారా?" ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మాట సూదిలాగే గుచ్చుతుంది, గుచ్చి వెంటనే దూది పెడుతుంది.

ఆదివారాలు పొద్దున్న పళ్ళ డాక్టరు క్లినిక్కులో చేరేవాళ్ళు, ఇదే పిచ్చి ఉన్న నలుగురు. రోగులు పడుకునే కుర్చీ పక్కన పళ్ళెంలో వాచీలు పరిచి, నోట్లోకి చూసే దీపం వాటి మీదికి వంచేవాళ్ళు. డాక్టరు దగ్గర రెండు అసలువి ఉన్నాయి. ఎవరైనా కొత్తగా ఒకటి తెస్తే, కొనేముందు భూతద్దం చూసి చెప్పాలి. అతను చూసి, మూత విప్పి, ముక్కుతో చిన్న శబ్దం చేసి తీర్పు చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు. వారమంతా వెనక గదిలో గాజు పొడి పీల్చే మనిషికి ఆ ఆదివారం దీపం కింద కలిగే హోదా ఎలాంటిదో నేను చెప్పనక్కరలేదు.

మామగారు రేవులో పనిచేసి మానుకున్న మనిషి. ఓడ కింద మునిగి, అడుగుకి పట్టుకున్న గుల్లలు గీకడం, ఓడని నడిపే పంకా రెక్కలు తడిమి చూసి చెప్పడం ఆయన పని. నీళ్ళ ఒత్తిడికి ఒక చెవి పోయింది. అందుకే మెల్లగా మాట్లాడదామనుకున్నా పక్కింటికి వినిపిస్తుంది. ఆయనకి ఆస్తి అంటూ ఒక్కటే, ఒక కథ.

"ఓడకీ గట్టుకీ మధ్య పడ్డాడయ్యా ఆ ఆఫీసరు," అని మొదలుపెట్టేవారు. "ఓడ ఇంకొంచెం జరిగితే మనిషి కాగితమే. కింద ఉన్నా కాబట్టి కాళ్ళు కనబడ్డాయి. లాగాను. గట్టు మీద పడేస్తే నీళ్ళు కక్కాడు. కక్కి, లేచి కూర్చుని, చేతికున్న వాచీ విప్పి నా చేతిలో పెట్టాడు. వాడి భాష నాకు రాదు. అద్దం మీద వేలు పెట్టాడు. ముల్లు మీద పెట్టాడు. ఈ చుట్టూ కట్టు మీద పెట్టాడు. ఒక్కొక్కటీ చూపించి జేబు తట్టుకున్నాడు. ఒక్కొక్కటీ చూపించి, జేబు."

"అంటే డబ్బులడిగాడన్నమాట," అనేవాడు బావమరిది. కార్ల షోరూములో సేల్స్‌మాన్. ఎవరి మాటనీ నమ్మకుండా ఉండటం ఉద్యోగంలో నేర్చుకుని, ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. "నాన్నా, రేవు గేటు బయట చాప మీద పెట్టి అమ్మేవాళ్ళు కూడా అచ్చం అలాగే జేబు తడతారు."

ఆ వాచీని ఆయన ఎప్పుడూ పెట్టుకోలేదు. గుల్లలు గీకేవాడి చేతికి ఆఫీసరు వాచీ ఉంటే గేటు దగ్గర ఏమని అడుగుతారో ఆయనకి తెలుసు. గుడ్డలో చుట్టి రేకు డబ్బాలో దాచారు. సందు చివర టీ కొట్టు దగ్గర పాత రేవు మనుషులు చేరతారు. అక్కడికి కొత్తవాడు ఎవరొచ్చినా ఆయన కథ చెప్పాల్సిందే, కొత్తవాడు నోరు తెరవాల్సిందే. బతికినన్నాళ్ళూ నీళ్ళ కింద ఎవరికీ కనపడకుండా పనిచేసిన మనిషి, పైన నలుగురికీ కనిపించింది ఆ కథలోనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం మామగారింట్లో భోజనాలయ్యాక బావమరిది మళ్ళీ గోకాడు. "ఇంట్లో ఇంత పెద్ద నిపుణుణ్ణి పెట్టుకుని ఎందుకు నాన్నా వాదన? బావకి చూపించు, తేలిపోతుంది."

మామగారు లేచి రేకు డబ్బా తెచ్చారు. "చూడండి అల్లుడుగారూ. మీరు ఏదంటే అదే."

భూతద్దం చేతులు కడుక్కుని, కంటికి అద్దం బిగించుకుని కిటికీ దగ్గరికి జరిగాడు. వెనక అంచు మీద చెక్కిన అంకెని బట్టి వాచీది ఒక కాలం. డయల్ మీది అక్షరాలని బట్టి ఇంకో కాలం. తాత ఒంటి మీద మనవడి చొక్కా. ముళ్ళ మీద పూత పాలలా తెల్లగా ఉంది, బెజెల్ కాటుకలా నల్లగా ఉంది. అంత వయసున్న వాచీకి ముఖం మీద ఒక్క మచ్చ లేదు. మూత విప్పాడు. లోపల మెషిన్ అసలుదే. అయితే మాత్రం? చచ్చిన వాచీలోంచి మెషిన్ తీసి నకలు డబ్బాలో వేయడం అతనికి తెలియని విద్యా? మూత లోపల సూదిగీతలు, మూడు చోట్ల. అవి చూడగానే పెదవి చివర నవ్వు వచ్చింది. ఎవడో నాలాంటివాడే అనుకున్నాడు. చెయ్యి మంచిదే.

"నకలు, మామయ్యగారూ," అన్నాడు. "మంచి నకలు. కానీ నకలే."

బావమరిది బల్ల మీద చరిచాడు. భార్య గిన్నెలు తీస్తున్నదల్లా ఆగి, తండ్రి ముఖం వైపు చూసింది. మామగారు గుడ్డని నాలుగు మడతలు పెట్టారు, విప్పారు, మళ్ళీ పెట్టారు.

"అయితే మీరే ఉంచుకోండి," అన్నారు చివరికి. "మీ ప్రయోగాలకి పనికొస్తుంది."

ఆ మాట ఇంట్లో ఆగితే బాగుండేది. బావమరిది నోట్లో ఏదీ ఆగదు. టీ కొట్టు దగ్గర చెప్పి నవ్వించాడు. ఆ తరవాత మామగారు అక్కడికి వెళ్ళగానే పాత స్నేహితుడొకడు మాట్లాడకుండా చొక్కా జేబు తట్టుకున్నాడు. పక్కవాడు కూడా తట్టుకున్నాడు. మాటైతే బదులు చెప్పొచ్చు. జేబు తట్టుకునేవాడికి ఏం చెబుతాం? మామగారు టీ తాగి వచ్చేశారు. మర్నాటినుంచి అటు వెళ్ళడం మానేశారు. పాలకి వెళ్ళాలన్నా చుట్టు తిరిగి అవతలి వీధిలోంచి వెళ్ళేవారు.

"నాన్న కథ చెప్పడం లేదు," అంది భార్య ఒకసారి, దువ్వెన జుట్టులో ఆపి. భూతద్దం తల ఊపాడు. నిజం నిజమే కదా అనుకున్నాడు. నిజం చెప్పినవాడికి ఉండే ప్రశాంతత మాత్రం రాలేదు. దుకాణంలో ఒకేరోజు రెండు అద్దాలు పగలగొట్టాడు.

వాచీ అతని బల్ల సొరుగులో పడి ఉంది. అంత నల్లగా, అంత తెల్లగా, వయసు లేకుండా. సొరుగు తీసినప్పుడల్లా చేతులు జివ్వుమనేవి. ఒక సెలవురోజు పొద్దున్న కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి తిరిగి, ఆఖరికి బెజెల్ ఊడదీసి గాజు గిన్నెలో బ్లీచింగు నీళ్ళలో వేశాడు.

నకలు బెజెల్ నీళ్ళలో ఏం చేస్తుందో అతనికి కంఠతా వచ్చు. ముందు ఊదారంగుకి తిరుగుతుంది, తరవాత తుప్పు గోధుమ, ఆపైన మరకలు. ఏళ్ళ తరబడి ఎన్ని కలిపినా, ఎంతసేపు ఉంచినా, ఎండలో వెలిసిన అసలు బెజెళ్ళకి వచ్చే ఆ నీలం మాత్రం రాలేదు. వాన కడిగిన పలకలా బూడిద కలిసిన నీలం. డాక్టరు దగ్గర ఉన్న ఒకదానికి ఆ రంగుంది. దాన్ని చూసినప్పుడల్లా అతనికి కడుపులో మంట.

గిన్నెలో నలుపు మెత్తబడింది. ఊదారంగు రాలేదు. ఇంకొంచెం సేపటికి అంచుల నుంచి నీలం దిగింది. మరక లేదు, గీత లేదు. పొగమంచు తీసేసినట్టు మెల్లగా, సమంగా, అతను కలలో కూడా చేయలేకపోయిన నీలం.

వచ్చేసింది అని పైకే అనేశాడు. పట్టుకారుతో తీసి కడిగి వెలుగులో పెట్టాడు. ముఖం ఇంతైంది. ఇన్నేళ్ళకి సాధించాననుకున్నాడు. ఆ వెంటనే పట్టుకారు బల్ల మీద పెట్టేశాడు.

సాధించింది అతను కాదు. నీళ్ళు ఎప్పటివే, గిన్నె ఎప్పటిదే, చెయ్యి ఎప్పటిదే. మారింది బెజెల్ ఒక్కటే.

మూత విప్పి మళ్ళీ చూశాడు. ఈసారి నవ్వకుండా చూశాడు. మూడు గీతలు మూడు చేతులవి. మొదటిది అరిగిపోయి నునుపుదేలింది, రెండోదాని లోతు వేరు, మూడోది పదునుగా ఉంది. అతను తన దొంగ రిపేరువాళ్ళకి ఎన్ని రకాల రాతలిచ్చినా సూది ఒక్కటే ఉండేది. ఇక్కడ సూదులు కూడా వేరు. మూడోవాడు గీసిన తేదీలోని సంవత్సరం డయల్ మీది అక్షరాల కాలంతో అతికినట్టు సరిపోయింది. వాచీ పాతది. ఓడ రేవుకి వచ్చేముందే బాగుచేయించారు. కంపెనీవాళ్ళు డయల్, ముళ్ళు, బెజెల్, అద్దం అన్నీ కొత్తవి వేసి ఇచ్చారు. ఆఫీసరు అద్దం మీద వేలు పెట్టాడు, ముల్లు మీద పెట్టాడు, కట్టు మీద పెట్టాడు, జేబు తట్టుకున్నాడు. ఇది వేయించాను, ఇది వేయించాను, ఇదంతా నా జేబులోదే అని. గుల్లలు గీకేవాడికి పాత సామాను అంటగట్టడం లేదని చెప్పుకున్నాడు పాపం.

సాక్ష్యమంతా కథలోనే ఉంది. భోజనాల దగ్గర ఎన్నిసార్లు విన్నాడో ఆ కథ. విన్నంతసేపూ ఉప్పు సీసా మూత బిగించుకుంటూ కూర్చున్నాడు.

ముందు తనని తాను రక్షించుకునే దారి వెతికాడు. మనిషన్నాక అంతే. పళ్ళ డాక్టరు, మిగతా ఇద్దరూ ఒప్పుకుంటే, తప్పు చిన్నదైపోతుందనిపించింది. ఆదివారం బెజెల్ బిగించి పట్టుకెళ్ళి పళ్ళెంలో పెట్టాడు.

"ఇది అసలుది," అన్నాడు.

డాక్టరు దీపం వంచి చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "ఎలా తెచ్చావయ్యా ఈ నీలం? నాకు చెప్పు, పళ్ళన్నీ ఊరికే కట్టేస్తా."

"నేను తేలేదు. అసలుది కాబట్టి వచ్చింది."

"ఆహా. మరి డయల్ కొత్తది, కట్టు పాతది. ఈ తప్పు నువ్వు కావాలనే పెట్టావు, మేం పట్టుకుంటామా లేదా అని."

"డాక్టరుగారూ, మూత లోపల గీతలు చూడండి."

డాక్టరు చూశాడు. మిగతావాళ్ళకి అందించాడు. "ఈసారి సూదులు కూడా మార్చాడర్రా," అన్నాడు మురిసిపోతూ. "భూతద్దం, నీ చేతికి దండం పెట్టాలి. ఇది నీ జీవితంలో గొప్ప నకలు."

అందరూ వీపు తట్టారు. జీవితంలో ఏ పొగడ్త కోసం వెంపర్లాడాడో అది దొరికింది. తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు లేచి బయటికి వచ్చేశాడు. నాలుగు వీధులు ఎటు నడిచాడో తెలియకుండా నడిచాడు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆమె బట్టలు మడతపెడుతూ చివరిదాకా విన్నది.

"మా ల్యాబులో రిపోర్టు తప్పు పోయిందనుకోండి," అంది. "ఎవరిది తప్పు పోయిందో వాళ్ళకి ఫోను చేస్తాం. పక్క ల్యాబు వాళ్ళకి కాదు."

"నమ్మకపోతే?"

"నమ్మకపోతే తిడతారు. తిట్టించుకోవడం కూడా డ్యూటీలోదే."

ఆ మధ్యాహ్నమే వెళ్ళారు. మామగారు వరండాలో చెవిటి చెవిని వీధి వైపు పెట్టి కూర్చున్నారు. ఈ మధ్య అలాగే కూర్చుంటున్నారు. బావమరిది లోపల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. భూతద్దం మంచి చెవి వైపుకి వెళ్ళి నిలబడ్డాడు.

"మామయ్యగారూ, వాచీ అసలుదే. నేను తప్పు చెప్పాను."

లోపల ఇస్త్రీపెట్టె ఆగింది. బావమరిది గుమ్మంలోకి వచ్చాడు. "ఇదేంటి బావా, అక్క మందలించిందా? చూడనియ్." వాచీ అందుకుని ఎగాదిగా చూశాడు. "అప్పుడు నల్లగా ఉండేదిగా ఇది. ఇప్పుడేంటి ఇలా వెలిసిపోయింది? ఇంట్లో నువ్వు చేసేవన్నీ ఇలాగే ఉంటాయి. నీ చేతిలో పడ్డాక అసలేదో నకలేదో ఎవడికి తెలుసు బావా?"

వాడు మొదటిసారి సరైన మాట అన్నాడు. భూతద్దం మామగారి వైపే తిరిగి చెప్పాడు. మూడు గీతలు, మూడు సూదులు, ఆఫీసరు కొత్తగా వేయించిన సామాను, ఒక్కొక్క దాని మీదా వేలు పెట్టి జేబు ఎందుకు తట్టుకున్నాడో. బ్లీచింగు నీళ్ళ సంగతి కూడా దాచలేదు.

మామగారి ముఖంలో సంతోషం వస్తుందని చూశాడు, రాలేదు.

"జేబు తట్టుకున్నది అందుకా," అన్నారు ఆఖరికి. "ఇన్నేళ్ళు చెప్పాను గానీ అది నాకూ తెలియదు. వాడు చేశాడు కాబట్టి చెప్పేవాణ్ణి."

"నల్ల బెజెల్ ఎక్కడున్నా వెతికి తెస్తాను. మళ్ళీ ఎప్పట్లా చేసి ఇస్తా మామయ్యగారూ. ఒక వారం నా దగ్గర ఉంచండి, పూత కూడా..."

"వద్దు." మామగారు కొడుకు చేతిలోంచి వాచీ తీసుకుని తన మణికట్టుకి పెట్టుకున్నారు. పట్టీ వదులుగా ఉంది, చెయ్యి సన్నబడింది. "ఇంక ముట్టుకోకు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అల్లుణ్ణి 'నువ్వు' అనడం అదే మొదలు. దగ్గరవాడనుకుని అన్నారో, ఇంకో రకంగా అన్నారో భూతద్దానికి ఈనాటికీ తేలలేదు.

ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. "నడు."

టీ కొట్టు దగ్గర పాత రేవు మనుషులు ఉన్నారు. మామగారిని చూడగానే ఒకడి చెయ్యి అలవాటుగా జేబు మీదికి వెళ్ళింది. మామగారు వాళ్ళెదుట బెంచీ మీద కూర్చుని, చెయ్యి చాపి వాచీ చూపించి కథ మొదలుపెట్టారు. ఓడ, గట్టు, కాళ్ళు. గొంతు మొదట్లో తుప్పు పట్టినట్టుంది, తరవాత సాగింది. జేబు దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు ఎందుకు తట్టుకున్నాడో చెప్పారు.

"అన్నీ కొత్తవి వేయించాడంటున్నావు," అన్నాడు జేబు మనిషి. "మరి కట్టు ఇలా వెలిసిపోయిందేం?"

మామగారు తల తిప్పి అల్లుడి వైపు చూశారు. అందరూ అటే చూశారు.

"నేనే పాడుచేశాను," అన్నాడు భూతద్దం. "నకలనుకుని."

"ఓడ కింద మునిగినవాడి మాట కన్నా నీ గాజుముక్క ఎక్కువైందా అబ్బాయ్?" అన్నాడు ఆ మనిషి. కొందరు నమ్మారు, కొందరు టీ వైపు చూసుకున్నారు. కానీ జేబు మాత్రం ఎవరూ తట్టుకోలేదు.

అప్పటినుంచి ఆదివారం పొద్దున్నలు భూతద్దం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. టీ కొట్టుకి కొత్తవాడు ఎవరైనా వస్తే మామగారు కబురు పెడతారు. కథకి ఇప్పుడు ఒక మనిషి పెరిగాడు. వెలిసిన కట్టు దగ్గర ఆయన ఆగుతారు, అతను తన ఒక్క ముక్కా చెప్పాలి, ఆయన అందుకుంటారు.

ఇంకోటి ఉంది. ఆ రోజు డాక్టరుకి చూపించే ఆత్రంలో బెజెల్ తిన్నగా బిగించలేదు. ఎంత తిప్పినా దాని గుర్తు పన్నెండుకి ఎదురుగా ఆగాల్సింది, వెంట్రుకవాసి పక్కన ఆగుతోంది. గోరు పెట్టి నొక్కితే సరిపోతుంది, అంతే పని. ఎవరికీ కనపడదు, అతనికి తప్ప. మామగారు చెయ్యి ఊపుతూ ఆఫీసరు కాళ్ళు పట్టి లాగుతుంటారు. ఆ వంకర అతని కళ్ళ ముందు అటూ ఇటూ తిరుగుతుంది. భూతద్దం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, తన వంతు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుంటాడు.